బూరె తిన్న కూర

బూరెను తనతోపాటు తీసుకెళ్లాలనే అమ్మాజీ చివరిదాకా చూసింది. కానీ తెనాలి నుంచి వచ్చిన తమ్ముడి కారులో అప్పటికే ఐదుగురు ఇరుక్కుని కూర్చున్నారు. కాళ్ల దగ్గర సంచులు, ఒళ్లో సంచులు. ముప్పై కిలోల కుక్కకు చోటెక్కడిది? రైల్లో వెళ్దామంటే కాచిగూడ నుంచి బయల్దేరాల్సిన బండ్లు రెండు రోజులుగా రద్దవుతున్నాయి. తమ్ముడు గుప్పెడు బురద తెచ్చి, ఆంధ్రా నెంబరు కనపడకుండా ప్లేటు మీద మెత్తుతూ, "త్వరగా కానీ అక్కా, వెలుతురుండగానే సూర్యాపేట దాటెయ్యాలి" అని తొందరపెడుతున్నాడు.

అది రెండు వేల తొమ్మిది డిసెంబరు ఆఖరు వారం. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ఒక ప్రకటన వచ్చి, పదిహేను రోజులు తిరక్కుండానే దాన్ని వెనక్కి లాగే ఇంకో ప్రకటన వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్ భగ్గుమంది. వాళ్లుండే తార్నాకలో దుకాణాల షట్టర్లు దిగాయి. ఎదురింటి బుచ్చిబాబు కారు అద్దాన్ని ఎవరో రాయితో పగలగొట్టారు. ఎవరన్నది ఒక్కరూ చూడలేదు. చూడకపోవడం వల్లే వీధిలో భయం ఇంకా ఎక్కువైంది. ఆ చప్పుడు విన్న దగ్గర్నుంచి అమ్మాజీ భర్త వెంకటేశ్వర్లుకు నిద్ర లేదు. రెండు రోజులు చూసి బావమరిదికి ఫోన్ చేశాడు.

మేడ మీది గదిలో అద్దెకుండే భాగ్యను పిలిచి అమ్మాజీ కుక్క గొలుసు చేతిలో పెట్టింది.

"పెరుగన్నం తింటుంది. గుడ్డు పెట్టు. చికెన్ దొరికితే ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి పెట్టు. ఇంకేదీ పెట్టొద్దమ్మా, దాని కడుపు సుకుమారం."

"నేను చూస్కుంట ఆంటీ. మీరు నిమ్మళంగ పోయి రాండ్రి" అంది భాగ్య.

భాగ్యది జనగామ దగ్గర పల్లె. తండ్రి పత్తి రైతు. ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతోంది. క్యాంపస్‌లో సభలకు పోతుంది, గొంతు బొంగురుపోయేలా నినాదాలిస్తుంది, ఇంటికొచ్చి అమ్మాజీ పెట్టిన మజ్జిగ పులుసు తింటుంది. ఆ సంగతి మీద ఇద్దరూ మాట్లాడుకున్నది ఒక్కసారే. "నీ తెలంగాణ నీది, నా కుక్క నాది. నా కుక్కని బాగా చూసుకుంటే నాకు చాలు" అని నవ్వేసింది అమ్మాజీ.

కారు మలుపు తిరిగాక బూరె గేటు దగ్గర కూలబడింది. ఏడేళ్ల ఆడ కుక్క. పిల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా, గోధుమ రంగులో నూనెలోంచి తీసిన బూరెలా ఉండేదని ఆ పేరు పెట్టారు. ఆ రోజు రాత్రి అది ఏమీ తినలేదు. మర్నాడూ తినలేదు. పెరుగన్నం వాసన చూసి మొహం తిప్పేసుకుంది. గుడ్డు ముక్క నోట్లో పెడితే మెల్లగా బయటికి నెట్టేసింది. ఆ చుట్టుపక్కల తెరిచిన చికెన్ దుకాణమే లేదు. పొద్దున్నే అమ్మాజీ ఫోన్ చేసి "తిన్నదా?" అని అడిగితే, అంత దూరంలో ఉన్న మనిషిని బాధపెట్టడమెందుకని భాగ్య "తిన్నది ఆంటీ" అనేసింది.

మూడో రోజుకి బూరె లేచి నిలబడటానికే బద్ధకిస్తోంది. భాగ్యకు గుండెల్లో బెదురు మొదలైంది. నమ్మి అప్పగించిన ప్రాణం తన చేతుల్లో ఎండిపోతే? వాళ్లు తిరిగొచ్చి చూస్తే ఏమంటారు? నోటితో అనకపోయినా మనసులో ఏమనుకుంటారు?

ఆ వీధిలో నాలుగిళ్లలో అంట్లు తోమే సారలమ్మ మాణికేశ్వర్ నగర్ నుంచి బంద్ రోజుల్లోనూ నడిచే వచ్చేది. ఆమె కుక్క డొక్కలు చూసి నాలుక చప్పరించింది.

"గిట్లయితే సచ్చిపోతది బిడ్డా. దానికి కూర వాసన తగలాలె. ఇయ్యాల మా ఆడబిడ్డ మనుమనికి పుట్టెంటికలు. పందిని కోసిండ్రు. కొంచెం తేనా?"

భాగ్య ఉలిక్కిపడింది. "పంది కూరనా? కుక్కకు పెట్టొచ్చా అక్కా?"

"మా గల్లీ కుక్కలు ఇంకేం తింటయనుకున్నవ్? అన్ని మంచిగ లేవా?"

భాగ్య ఆలోచించింది. పంది మాంసం అనగానే ఆమెకు గుర్తొచ్చేవి పరాన్నజీవుల పాఠంలోని బొమ్మలు. కండలో సగ్గుబియ్యం గింజల్లా ఉండే బద్దెపురుగు లార్వా సంచులు, చుట్టలు చుట్టుకుని పడుకున్న సన్నటి పురుగులు. అయితే అవన్నీ పచ్చి మాంసంలోని సంగతులు. బాగా ఉడికితే చస్తాయి. పుస్తకం చెప్పింది అంతే. ఆ మిగతాది, అంటే కొవ్వు సంగతీ ఉల్లిగడ్డ సంగతీ, ఏ పాఠంలోనూ లేదు.

"తే అక్కా. కొంచెమే తే. ఎవరికీ చెప్పకు. ఆంటీకి తెలిస్తే ఇంట్ల గిన్నెలు కూడ పారేస్తది."

"నేనెందుకు చెప్త బిడ్డా."

సాయంత్రం సారలమ్మ స్టీలు క్యారియర్ తెచ్చి వంటగది గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. మూత తీస్తే ఎర్రటి నూనె, అందులో తోలుతో సహా వేయించిన మందపాటి కొవ్వు ముక్కలు, ఎముకలు, మెత్తగా మగ్గిన ఉల్లిగడ్డలు. భాగ్య నాలుగు ముక్కలు గరిటెతో తీసి కుళాయి కింద కడిగి పెట్టింది. బూరె చెవులు లేచాయి. ఒక్క గుటకలో నాలుగూ మింగేసి తోక ఆడిస్తూ ఆమె మొహంలోకి చూసింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి! భాగ్య దాని మెడ కావిలించుకుని ఏడ్చేసింది.

అంతలో ఫోన్ మోగింది. హాస్టల్ నుంచి స్నేహితురాలు. పోలీసులు గేట్ల దగ్గర మోహరించారనీ, రేపు క్యాంపస్ దిక్కు రావద్దనీ. సిగ్నల్ కోసం భాగ్య మేడ మెట్ల మీదికి పోయి పావుగంట మాట్లాడింది. తిరిగొచ్చేసరికి క్యారియర్ నేల మీద బోర్లా పడి ఉంది. గిన్నె తళతళలాడుతోంది. కొవ్వు లేదు, తోలు లేదు, ఉల్లిగడ్డ లేదు. ఎముకలు కూడా లేవు. బూరె మూతి నాక్కుంటూ, తప్పు చేశానన్నట్టు చెవులు వెనక్కి వాల్చి కూర్చుంది.

ఆకలి తీరింది కదా, పోనీలే అనుకుంది భాగ్య.

తెల్లారి కిందికి దిగి చూస్తే వరండా అంతా వాంతులు. బూరె ముందు కాళ్లు నేలకు చాపి, రొమ్ము నేలకానించి, వెనక భాగం మాత్రం పైకెత్తి, సాష్టాంగ పడబోయి మధ్యలో ఆగిపోయినట్టు వింతగా నిలబడి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ. పొట్ట మీద చెయ్యి వేస్తే బల్లలా గట్టిగా తగిలింది. అది పెద్దగా మూలిగింది. ఏడేళ్లలో ఎప్పుడూ ఎవరినీ కరవని కుక్క, చెయ్యి తీసెయ్యమన్నట్టు పళ్లు చూపించింది.

ఆ మూలుగు విని ఎదురింటి బుచ్చిబాబు గేటు తోసుకుని వచ్చాడు. మందుల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. అద్దం పగిలిన రోజు నుంచీ కారు మీద టార్పాలిన్ కప్పేసి, సాయంత్రం ఐదింటికే తలుపులు వేసుకుంటున్నాడు.

"అయ్యో అయ్యో! నురగ కక్కుతోంది కదమ్మా! ఎవరో విషం పెట్టేశారు" అన్నాడు. "నేను అంటూనే ఉన్నాను. ముందు రాయి వేశారు. ఇప్పుడు కుక్కలు. తర్వాత మనమే."

నిజం చెప్పాల్సిన క్షణం అదే. భాగ్య నోరు తెరిచింది. పంది మాంసం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. తెలంగాణ పిల్ల, నమ్మి ఇల్లప్పగిస్తే, కుక్కకు తినకూడనిది పెట్టి చంపింది అనుకుంటారు.

ఫ్రిజ్ తలుపుకి అంటించిన టీకాల కార్డు మీద డాక్టర్ వెంకటేశం నెంబరు ఉంది. విద్యానగర్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తాడు. భాగ్య లక్షణాలన్నీ చెప్పింది.

"నిన్న ఏం తిన్నది?" అని అడిగాడు డాక్టర్.

బుచ్చిబాబు పక్కనే నిలబడి చెవులు రిక్కించి వింటున్నాడు.

"తెల్వదు సార్."

"తెల్వదంటే ఎట్లమ్మా? విషమైతే ఒక మందు, కాకపోతే ఇంకో మందు. ఒకదానికి బదులు ఒకటి ఇస్తే నా చేతులతోనే చంపినట్టయితది. నేను రాలేను, మా గల్లీ మొత్తం పోలీసులే ఉన్నరు. ఎట్లన్న చేసి పట్టుకరా. ఆలస్యం చెయ్యకు."

"అంకుల్, మీ కారు..." అని అడగబోయింది భాగ్య.

బుచ్చిబాబు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "ఆంధ్రా నెంబరుతో క్యాంపస్ దారిలోనా? నన్ను చంపుకోమంటావా?" ఆయన కళ్లలో కనిపించింది నిజమైన భయమే. కారు ఇవ్వలేకపోయినందుకు సిగ్గు కూడా కలిగిందేమో, వెంటనే జేబులోంచి ఫోన్ తీసి అమ్మాజీకి కలిపాడు. "అమ్మాజీ గారూ, మీ బూరెకి ఎవరో విషం పెట్టారండీ" అని అటు చెబుతుంటే, ఫోన్‌లోంచి సన్నగా ఒక కేక వినపడింది.

సరిగ్గా అప్పుడే సారలమ్మ వచ్చింది. వరండాలో కుక్కను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిరిగిచ్చేద్దామని భాగ్య రాత్రి గేటు పక్కన పెట్టిన ఖాళీ క్యారియర్ వైపు ఆమె చూపు పోయింది. ఆ చూపుని బుచ్చిబాబు పట్టుకున్నాడు.

"ఆ గిన్నె ఎవరిది? నీదేనా? నిన్న ఏం తెచ్చావ్ ఇందులో?"

సారలమ్మ భాగ్య వైపు చూసింది.

"అడుగుతుంటే చెప్పవేం? మీ ఆయన రోజూ ఆ గుంపుల్లో జెండా పట్టుకుని తిరగడం నేను చూడలేదనుకున్నావా? ఎవరు పంపించారు నిన్ను?"

చుట్టుపక్కల ఇళ్ల బాల్కనీల్లోకి మనుషులు వచ్చారు. సారలమ్మ పెదాలు కదిలి ఆగిపోయాయి. ఎవరికీ చెప్పకు అని తను తీసుకున్న మాట ఆమె గొంతుకు అడ్డంపడిందని భాగ్యకు అర్థమవుతూనే ఉంది. అయినా ఇంకో నిమిషం, అచ్చంగా ఒక నిమిషం, భాగ్య అలాగే నిలబడింది. తన జీవితంలో అంత పొడుగాటి నిమిషం ఇంకోటి లేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

"చౌరస్తాలో పోలీసు వ్యాన్ ఉంది. పిలుస్తానుండు" అని బుచ్చిబాబు గేటు వైపు నడిచాడు.

"నేనే పెట్టిన!" అని అరిచింది భాగ్య. "పంది కూర. నేనే తెమ్మన్న, నేనే పెట్టిన. కుక్క మూడు రోజుల సంది ఏం తింటలేదు. అక్కను ఏమనకుండ్రి అంకుల్."

బుచ్చిబాబు ఆగి వెనక్కి తిరిగాడు.

"పంది కూరే అనుకో. అందులో ఏం కలిపారో నీకేం తెలుసమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి టైం లేదు. బూరె వెనక కాళ్లు మడతపడి పక్కకు ఒరిగిపోయింది. సారలమ్మ కొంగు నడుముకి దోపుకుని బయటికి పరిగెత్తింది. పది నిమిషాల్లో మొగుడు గట్టయ్యనీ, అతను అరటిపళ్లు అమ్మే తోపుడు బండినీ వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురూ కలిసి కుక్కను దుప్పటి మీదికి చేర్చి, దుప్పటితో సహా ఎత్తి బండి మీద పడుకోబెట్టారు. ఎండా దుమ్మూ తగలకుండా పైన ఇంకో దుప్పటి కప్పారు.

పెద్ద రోడ్డు మీద ముళ్లకంచెలు వేసి ఉన్నాయి. మాణికేశ్వర్ నగర్ గల్లీల్లోంచి పోయి వెనక వైపు నుంచి క్యాంపస్‌లోకి దిగి, హాస్టళ్ల పక్కగా నడిచి ఎన్‌సీసీ గేటు దాటితే విద్యానగర్. గట్టయ్య ముందు నుంచి లాగుతున్నాడు. సారలమ్మ పక్కన నడుస్తూ దుప్పటి జారకుండా పట్టుకుంది. భాగ్య వెనక నుంచి తోస్తోంది. చక్రం రాయి మీద ఎక్కినప్పుడల్లా దుప్పటి కింద నుంచి మూలుగు వినిపించేది. కాసేపటికి మూలుగు రావడం ఆగిపోయింది. భాగ్య చెయ్యి లోపలికి పోనిచ్చి చూసింది. డొక్క ఎగసిపడుతూనే ఉంది.

బుచ్చిబాబు అన్న మాట ఆమెను వెంటాడుతోంది. అందులో ఏం కలిపారో నీకేం తెలుసు? ఎదురుగా సారలమ్మ వీపు. చెమటకు తడిసిన రవిక, భుజం మీద పాత కాలిన మచ్చ. రెండేళ్లుగా తెలిసిన మనిషి. కానీ ఏం తెలుసు? వాళ్లింట్లో ఎవరెవరొస్తారో తెలుసా? అన్నిళ్లు ఉండగా ఈ ఇంటికే క్యారియర్ ఎందుకు తెచ్చింది? తను తెమ్మంటేనే కదా తెచ్చింది. కాదు, తేనా అని ముందు అడిగింది ఆమే కదా...

సారలమ్మ వెనక్కి తిరిగింది. "గదే కూర మా పిల్లలు తిన్నరు, నేను తిన్న, ఈయన తిన్నడు. మాకేం గాలే బిడ్డా. దీనికెందుకు గిట్లయిందో నాకు సమజైతలేదు" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

భాగ్యకు చెంప మీద కొట్టినట్టయింది. తల దించుకుని బండి తోసింది.

హాస్టళ్ల దగ్గరికొచ్చేసరికి గాలిలో ఘాటు తెలుస్తోంది. ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి టప్ టప్‌మని చప్పుళ్లు, ఆ వెంట పెద్ద కేకలు. రోడ్డు నిండా ఇటుక ముక్కలు, చెప్పులు, కాలిన టైరు మసి. ఎదురుగా బారికేడ్ వెనక నుంచి ఒక గొంతు గద్దించింది.

"బండి ఆపు! దుప్పటి కింద ఏందది?"

ఐదారుగురు పోలీసులు. బండి నిండా రాళ్లున్నాయనుకున్నారని వాళ్లు లాఠీలు పట్టుకున్న తీరే చెబుతోంది. గట్టయ్య బండి వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. భాగ్యే ముందుకొచ్చి చెప్పింది.

"కుక్క సార్. పాణం బాగలేదు. దవాఖానకు తీస్కపోతున్నం."

"తియ్, దుప్పటి తియ్!"

భాగ్య దుప్పటి తీసింది. బూరె తల ఎత్తబోయి, దగ్గరున్న పోలీసు బూట్ల మీద పచ్చటి నీళ్లు కక్కింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఇప్పుడేమవుతుందోనని భాగ్య కళ్లు మూసుకుంది. ఏమీ కాలేదు. నెరిసిన మీసాల కానిస్టేబుల్ ఒకాయన బూటు గడ్డిలో తుడుచుకుంటూ, "సీదా పోకుండ్రి, గ్యాస్ కొడుతున్నరు. ఎడమ దిక్కు తిరిగి పోండ్రి. జల్ది" అన్నాడు.

ఎడమకు తిరిగినా పొగ వచ్చి తగిలింది. కళ్లలో కారం చల్లినట్టు మంట. గొంతు పట్టేసింది. సారలమ్మ సీసాలో నీళ్లన్నీ తన కొంగు మీద పోసి, ఆ తడి కొంగును కుక్క మొహానికి అడ్డంపెట్టి, తను మాత్రం దగ్గుతూ గుడ్డిగా నడిచింది. చెట్ల వెనక నుంచి మూతికి రుమాలు కట్టుకున్న కుర్రాళ్లు ఉరికొచ్చారు. వాళ్లలో భాగ్య క్లాస్‌మేట్ నరహరి ఉన్నాడు.

"భాగ్యా! గీడేం చేస్తున్నవ్? ఎవరి కుక్క ఇది?"

"నాది" అంది భాగ్య. తన సొంత మనుషుల ముందు కూడా అబద్ధమాడాల్సినంత భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

నరహరి కుక్క వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మీ ఓనరోళ్లది గద" అన్నాడు మెల్లగా. ఇంకేమీ అనకుండా వచ్చి బండికి భుజం ఆనించాడు. ఎత్తు మీద గేటు దాటేదాకా తోసి, వెనక్కి పరిగెత్తుకుంటూ వెళ్లిపోయాడు.

డాక్టర్ వెంకటేశం ఇంటి ముందు గదే ఆస్పత్రి. బల్ల మీద సిరంజి నింపి సిద్ధంగా ఉంది. "మీ ఎదురింటాయన ఫోన్ చేసిండు. కూరల పురుగుమందు కలిపి పెట్టిండ్రట గద?" అన్నాడు. అంటూనే బూరె కనురెప్పలు ఎత్తి టార్చి వేసి చూశాడు. గుండె విన్నాడు. పొట్ట నొక్కితే కుక్క గిలగిల్లాడింది. ఆయన సిరంజి పక్కన పెట్టాడు.

"పురుగుమందైతే కంటిపాప గిట్ల ఉండదు, సూదిమొనంత అయితది. చూడమ్మా, ఇప్పుడు నిజం చెప్పకుంటే ఎప్పుడూ చెప్పక్కర్లేదు. ఏం తిన్నది?"

భాగ్య అంతా చెప్పింది. మూడు రోజుల పస్తు, నాలుగు ముక్కలు, తర్వాత క్యారియర్ మొత్తం. తోలు, కొవ్వు, నూనె, ఉల్లిగడ్డ, ఎముకలు. చెబుతూ చెబుతూ మధ్యలో ఏడ్చింది. డాక్టర్ చేతులు మాత్రం ఆగలేదు. ముందు కాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టాడు, నొప్పి తగ్గడానికి ఒకటి, వాంతులు ఆగడానికి ఒకటి ఇచ్చాడు.

"పంది మాంసం కుక్కకు విషమా సార్?" అని తలుపు దగ్గర నుంచి సారలమ్మ అడిగింది. రెండు గంటలుగా ఆమె మోస్తున్న ప్రశ్న అదే.

"కాదమ్మా. కొవ్వు తీసేసి, ఉప్పు, కారం, ఉల్లి ఏం లేకుంట మెత్తగ ఉడికించి నాలుగు ముక్కలు పెడితే ఏం గాదు. పచ్చిది పెడితే పురుగులొస్తయ్, రోగాలొస్తయ్. ఉడికిన బొక్కలు పెడితే పెళుసుగా విరిగి పేగుల్ల గుచ్చుకుంటయ్. ఉల్లిగడ్డ దాని రక్తానికి మంచిది గాదు. ఇక్కడ అసలు దెబ్బ కొట్టింది కొవ్వు. ఖాళీ కడుపుల ఒక్కసారే అంత కొవ్వు పడేసరికి క్లోమం వాచింది. మీ గల్లీ కుక్కలు దినాం ఇంతింత తిని అలవాటు పడ్డయ్. ఇది పెరుగన్నం కుక్క."

"బతుకుతదా సార్?" అని అడిగింది భాగ్య.

"రెండు రోజులు గడవాలె. బొక్కలు ఎక్కడన్న గుచ్చుకున్నయా అన్నది అప్పటికి తెలుస్తది. ఇప్పుడే చెప్పలేను."

ఆ రెండు రోజులూ భాగ్య ఆ గదిలోనే బల్ల పక్కన నేల మీద కూర్చుంది. డాక్టర్ భార్య పెట్టింది తిన్నది. బయట సైరన్ మోగినప్పుడల్లా బూరె చెవి కదుపుతుందేమోనని చూసేది. మొదటి రోజు సాయంత్రం దాకా కదపలేదు.

వచ్చిన గంటకే ఆమె అమ్మాజీకి ఫోన్ చేసింది. ఏం చెప్పాలో మనసులో పదిసార్లు అనుకుంది కానీ, అటు "హలో" వినగానే అనుకున్నవన్నీ పోయాయి.

"ఆంటీ, విషం కాదు. నేనే పంది కూర పెట్టిన. తిన్నది తిన్నది అని మీకు అబద్ధం చెప్పిన. మీరు పోయినప్పటి సంది అది ఏం తినలేదు."

అటు వెనక ఎవరో టీవీ వార్తలు పెట్టుకున్నారు. హైదరాబాద్ పేరు పదే పదే వినిపిస్తోంది.

"తినడం లేదని మొదటి రోజే చెప్తే నేను ఫోన్‌లో పిలిచేదాన్ని కదమ్మా" అంది అమ్మాజీ చివరికి. "నా గొంతు వింటే తింటుంది అది. నాకు నిజం చెప్పడానికి అంత భయమెందుకేసింది నీకు?"

అమ్మాజీ జవాబు కోసం ఆగలేదు. "దాని చెవి దగ్గర ఫోన్ పెట్టు" అంది. భాగ్య పెట్టింది. అటు నుంచి ఏం వినపడిందో తెలియదు, బూరె మాత్రం కళ్లు తెరవలేదు.

రెండో రోజు మధ్యాహ్నం అది లేచి కూర్చుని నీళ్లు తాగింది. తాగిన నీళ్లు కడుపులో నిలిచాయి. ఐదో రోజుకి గంజి తాగింది. ఎముకలు ఎక్కడా గుచ్చుకోలేదు. గట్టయ్య అదే బండి మీద ఇంటికి చేర్చాడు. కుక్క సగానికి సగం చిక్కిపోయింది. అయినా బతికింది.

బతకనిది వీధిలో సారలమ్మ పేరు. ఆంధ్రా వాళ్ల కుక్కలకు విషం పెడుతున్నారన్న మాట ఒక్క పూటలో నాలుగు వీధులు దాటి లాలాపేట్ దాకా పాకిపోయింది. జనం కుక్కల్ని గదుల్లో కట్టేసుకున్నారు. పాల ప్యాకెట్లు కూడా వాసన చూసి తీసుకున్నారు. సారలమ్మను రెండిళ్ల వాళ్లు రావద్దన్నారు. డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని భాగ్య ఆ రెండిళ్లకూ వెళ్లింది. ఒక ఇంటావిడ చదివి, తల ఊపి, మర్నాటి నుంచి రమ్మంది. రెండో ఇంట్లో తలుపు సందులోంచే మాట్లాడి మూసేశారు. బుచ్చిబాబు కాగితం మొత్తం చదివాడు. మడిచి తిరిగిచ్చాడు.

"నువ్వు మంచి పిల్లవేనమ్మా. వాళ్లను కాపాడాలనుకుంటున్నావ్, అర్థమవుతోంది" అన్నాడు. నిజం చెప్పినా నమ్మని మనిషి ముందు ఇంకేం చెయ్యాలో భాగ్యకు తోచలేదు. ఆయన తలుపు వేసుకుంటూ గొళ్లెం పెట్టిన చప్పుడు, ఆ పైన ఇంకో గొళ్లెం పెట్టిన చప్పుడు విని వెనక్కి వచ్చేసింది.

సంక్రాంతి దాటాక అమ్మాజీ వాళ్లు తిరిగొచ్చారు. గేటు తీస్తూనే అమ్మాజీ కుక్క పక్కన కూలబడి దాని ఎముకలు తడుముతూ ఏడ్చింది. భాగ్యను గది ఖాళీ చెయ్యమనలేదు. సారలమ్మను పని మానమనలేదు. మర్నాడు తనే సారలమ్మను వెంటబెట్టుకుని తలుపు వేసిన ఆ రెండో ఇంటికి వెళ్లింది గానీ, వాళ్లు అప్పటికే ఇంకో మనిషిని పెట్టుకున్నామన్నారు.

ఆ మధ్యాహ్నం పెరట్లో సారలమ్మ అంట్లు తోముతుంటే భాగ్య వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఆ దినం బండి తోసుకుంట పోతుంటే... ఒక్క నిమిషం నేను గూడ నీ మీద అనుమానపడ్డ."

సారలమ్మ చేతిలో పీచు ఆగింది. తల ఎత్తకుండానే, "ఎరుకే" అంది. "ఎన్కకు మర్లి చూసినప్పుడు నీ మొఖంల కనబడ్డది."

"తప్పయింది అక్కా."

సారలమ్మ కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. తడి చేతులతోనే నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది.

"నువ్వు చెప్పకుంటే, నీ మొఖం నేనే తప్పు చూసిన్నేమో అనుకుంటుంటి బిడ్డా" అంది. పీచు అందుకుని మళ్లీ తోమడం మొదలుపెట్టింది.